టీకాల కార్యక్రమంలో ఊరి వాటా: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

బుధవారమో శనివారమో అంగన్‌వాడీ గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉంటే ఆ రోజు టీకాలని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజునూ ఆ గదినీ ఎవరు ఎంచారు, మందు అక్కడిదాకా ఎలా వచ్చింది, రాని బిడ్డల సంగతి ఎవరు చూస్తారు అని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం వైపు చూస్తారు. చాలా ఏళ్లు టీకాల డబ్బా వెంట లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దీవుల్లో, తిరిగి, ఉద్యోగ విరమణ తర్వాత ఊరి ఆరోగ్య కమిటీలో కూర్చుంటున్నవాడిని. జనం నన్ను అడిగినవి, నేను అధికారులను అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వేయించాలన్న సలహా డాక్టరు దగ్గరే తీసుకోండి. ఇది కార్యక్రమం నడిచే తీరు గురించి.

సర్క్యులర్లలో రాసే ‘స్టేక్‌హోల్డర్లు’ ఎవరు?

తెలుగు కాగితాల్లో ఒకచోట ‘భాగస్వాములు’ అంటారు, ఇంకోచోట ‘వాటాదారులు’ అంటారు. రెండోది చదివితే ఏదో కంపెనీ షేర్లు కొన్నట్టు ఉంటుంది. నా లెక్క తేలిక. పని బాగా జరిగితే మేలు పొందేవాళ్లు, చెడితే నష్టపోయేవాళ్లు, తలచుకుంటే పనిని సాగనిచ్చే లేదా ఆపేసే శక్తి ఉన్నవాళ్లు, వీళ్లంతా సంబంధం ఉన్నవాళ్లే. తల్లిదండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్త, సర్పంచ్, బడి ప్రధానోపాధ్యాయులు, డ్వాక్రా సంఘాలు, ప్రైవేటు పిల్లల వైద్యులు, ఆర్‌ఎంపీలు, గుడి, చర్చి, మసీదు పెద్దలు అందరూ ఇందులోకి వస్తారు.

డెల్టాలో ఇంకో ముగ్గురిని కలపాలి. పడవ నడిపే మనిషి, చేపల చెరువు యజమాని, ఇటుక బట్టీ మేస్త్రీ. వీళ్లను ఏ సమావేశానికైనా పిలవగా నేను ఇంతవరకు చూడలేదు. ఎందుకు పిలవాలో కింద తెలుస్తుంది.

టీకాలు ప్రభుత్వం పని కదా, మధ్యలో ఊరికేం పని?

మందు కొనడం, పరీక్షించడం, ఏ వయసులో ఏది వేయాలో తేల్చడం ఊరి పని కాదు. దేశంలో ఈ కార్యక్రమం 1978లో మొదలై 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమంగా మారింది. కొత్త టీకాను చేర్చాలా వద్దా అన్న సలహా ఇవ్వడానికి 2001 నుంచి జాతీయ స్థాయిలో నిపుణుల బృందం ఉంది. అలా చేరినవాటిలో పసిపిల్లల విరేచనాలను నిరోధించే రోటా వైరస్ టీకా ఒకటి. 2016లో దాన్ని ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఈ నిర్ణయాల్లో మన గ్రామ సభకు ఓటు లేదు, ఉండనక్కర్లేదు కూడా.

ఊరికి పని పడేది చివరి రెండు కిలోమీటర్లలో. ఏ గదిలో వేయాలి, ఎన్ని గంటలకు వేయాలి, ఎవరి ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టింది, ఎవరు వలస వచ్చారు, ఎవరు అలిగి రావడం లేదు, ఇవి ఢిల్లీకి తెలియవు, అమరావతికి తెలియవు, అమలాపురంలో కలెక్టర్ కార్యాలయానికీ తెలియవు. ఎదురింటి వాళ్లకు తెలుస్తాయి.

పోలియో పని చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆదివారం కేంద్రంలో చుక్కలు వేసి, తర్వాతి రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, సుద్దముక్కతో తలుపు పక్కన ‘పి’ అనో ‘ఎక్స్’ అనో గుర్తు పెట్టేవాళ్లం. ‘ఎక్స్’ అంటే ఇంకా చుక్కలు పడని బిడ్డ ఉన్న ఇల్లు. ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి. ఎవరు వెళ్లాలన్నదే అసలు లెక్క. నేను వెళ్తే తలుపు తీయని ఇల్లాలు, పాలు పోసే ఆవిడ వెంట ఉంటే మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. ఆ కాగితంలో పాలు పోసే ఆవిడ పేరు లేదు.

టీకాల సమయం, స్థలం మార్చమని మేము అడగవచ్చా?

అడగవచ్చు. అడగాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైక్రోప్లాన్ ఉంటుంది. ఏ వాడకు ఏ రోజు, ఎవరు, ఎలా వెళ్తారు, మందు ఎవరు చేరుస్తారు అన్నది అందులో రాసి ఉంటుంది. అది ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవాల్సిన కాగితం. చాలాచోట్ల పైన సంవత్సరం మార్చి, కింద పాతదే దించేస్తారు.

నేను చూసిన ఒక లంక గ్రామం సంగతి చెబుతాను. టీకాలు ఉదయం పది గంటలకు రేవుకు దగ్గరగా ఉన్న బడిలో వేసేవారు. సార్వా (వానాకాలం పంట) నాట్ల కాలంలో తల్లులంతా ఏడింటికే పొలానికి వెళ్లి మధ్యాహ్నం రెండు తర్వాత వచ్చేవారు. పదింటికి వచ్చిన ఏఎన్‌ఎం ఒంటిగంటకు పడవ ఎక్కాలి, లేకపోతే ఆ పూట మళ్లీ పడవ లేదు. వరుసగా మూడు నెలలు వచ్చిన పిల్లలు తక్కువ, రిజిస్టరులో ‘తల్లి రాలేదు’ అన్న వాక్యాలు ఎక్కువ. పై అధికారులు దీనికి ‘అవగాహన లోపం’ అని పేరు పెట్టి ఒక అవగాహన సదస్సు పెట్టారు. అదీ ఉదయం పదింటికే.

డ్వాక్రా సంఘం నాయకురాలు ఒకావిడ లేచి, ‘‘మాకు తెలియక కాదండీ, పడవను మూడింటికి పెట్టించండి’’ అన్నారు. పడవ నడిపే అతన్ని పిలిచి మాట్లాడితే నెలలో ఒక్కరోజు సాయంత్రం నాలుగున్నరకు ఇంకో తిరుగు వేయడానికి ఒప్పుకున్నాడు. అంతే. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బిడ్డలను చంకనేసుకుని వచ్చారు.

కాబట్టి అడిగేటప్పుడు ‘సమయం కుదరడం లేదు’ అని ఆపకండి. ఏ నెలల్లో కుదరదు, ఏ గంటకు కుదురుతుంది, ఎంతమందికి, పడవ ఎవరిది అన్నది కాగితం మీద రాసి వైద్యాధికారికి ఇవ్వండి. మత్స్యకార పల్లెల్లో వేట, చేపల పాట వేళలు వేరు, కొబ్బరి ఒలుపు వాడల్లో వేరు. మండలమంతటికీ ఒకే గంట పెట్టడం కాగితానికి అందం, అంతే.

వరదల్లో టీకాల రోజు వస్తే ఏం చేయాలి?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల మధ్య లంకల్లో ఉన్నవాళ్లకు ఈ అంకెలు టీవీ చెప్పనక్కర్లేదు, అరటి తోటలో నీళ్లు చూస్తే తెలుస్తుంది. అయినా చాలా మైక్రోప్లాన్లలో జులై నుంచి సెప్టెంబరు దాకా ఉన్న టీకాల రోజులు మార్చి నెలవాటిలాగే ఉంటాయి.

లంక గ్రామాలకు ఈ మూడు నెలలకూ మారు తేదీ, గట్టు మీద మారు స్థలం ముందే రాసి ఉంచాలని మా కమిటీ అడిగింది. వరద తగ్గాక ఎప్పుడో చూద్దాం అంటే ఆరు, పది, పద్నాలుగు వారాల పిల్లల డోసులు ఒకదాని వెంట ఒకటి జారిపోతాయి. పునరావాస కేంద్రంలో అన్నం పొట్లాలతో పాటు పిల్లల జాబితా కూడా ఉండాలి. ఒక డోసు ఆలస్యమైనంత మాత్రాన మొత్తం మళ్లీ మొదటి నుంచి వేయించాల్సిన పని లేదు, ఆగినచోట నుంచి కొనసాగిస్తారు. ఈ ఒక్క మాట తెలియక, ‘ఇప్పుడు తీసుకెళ్తే తిడతారు’ అని ఆగిపోయిన తల్లులు చాలామంది.

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, పొలం పాసుపుస్తకం ఉన్న కవరులోనే తల్లీబిడ్డల కార్డు కూడా పెట్టండి.

మందు చల్లగా వచ్చిందో లేదో మేమెలా తెలుసుకుంటాం?

నీలం డబ్బా మూత తీసినప్పుడు చూడండి. సీసా చీటీ మీద, కొన్నిటికి మూత మీద, చిన్న వలయం, దాని మధ్యలో చదరం కనిపిస్తాయి. చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా తెల్లగా ఉంటే మందు వాడవచ్చు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చదరం ఇంకా ముదిరినా ఆ సీసా పనికిరాదు. ఎండకు, వేడికి ఎంతసేపు గురైందో ఆ చదరం చెబుతుంది. ‘‘అమ్మా, ఒకసారి చూపించండి’’ అని ఏఎన్‌ఎంను అడగడం తప్పు కాదు. పని తెలిసిన ఏఎన్‌ఎం అడగకుండానే చూపిస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో అపోహ ఉంది. చేపలు, రొయ్యలు ఐసులో దాచే ఊళ్లు కదా, ఎంత ఐసు ఉంటే అంత మంచిదని మనవాళ్ల లెక్క. టీకాకు అది చెల్లదు. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), హెపటైటిస్ బి, డీపీటీ, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) లాంటివి గడ్డకడితే చెడిపోతాయి. ఆ వలయం, చదరం దీన్ని పట్టుకోలేవు, వేడినే పట్టుకుంటాయి. అందుకే ఐస్ ప్యాకులను ఫ్రీజరు నుంచి తీయగానే డబ్బాలో పెట్టకూడదు. బయట ఉంచి, చెమట పట్టాక, చెవి దగ్గర ఊపి చూస్తే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడు పెట్టాలి. తెల్లవారుజామున ఆరోగ్య కేంద్రం వరండాలో వరుసగా పేర్చిన ప్యాకులను ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపుతున్న మనిషిని మొదటిసారి చూసినప్పుడు, కొబ్బరికాయలో నీళ్లు చూసుకుంటున్నాడనుకున్నాను.

మందు డబ్బాను బండి మీద తెచ్చే అతనికి రేవు దగ్గర పడవ ఆలస్యమైతే నీడ దొరుకుతుందా? ఇది పంచాయతీ చూడాల్సిన విషయం. ఒక రేకుల పందిరి చాలు.

పుట్టింట్లో పుట్టిన బిడ్డ ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఒక్కోసారి ఇద్దరి లెక్కలోకీ వస్తుంది, ఒక్కోసారి ఎవరి లెక్కలోకీ రాదు. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. పుట్టగానే వేసే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, 24 గంటల్లోపు పడాల్సిన హెపటైటిస్ బి ఆ ఊళ్లో ఆసుపత్రిలో పడతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి అత్తగారింటికి పంపుతారు. అక్కడి ఆశాకు బిడ్డ వచ్చిన సంగతి తెలిసేసరికి ఇంకో నెల. 9 నెలలకు వేయాల్సిన తట్టు టీకా ఎలాగో పడుతుంది, 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన రెండోది మాత్రం తప్పిపోతుంది.

దేశంలో ఎక్కడ వేయించుకున్నా కనిపించేలా యూ-విన్ పోర్టల్ తెచ్చారు. మంచిదే. అయితే రెండు ఊళ్లలో రెండు ఫోను నంబర్లతో బిడ్డను రెండుసార్లు నమోదు చేస్తే కంప్యూటర్ ఏం చేస్తుంది? సారె బిందెలతో పాటు టీకాల కార్డు కూడా పంపమని మా ఊరి డ్వాక్రా సంఘాలు ప్రచారం చేస్తున్నాయి. ఏ పోస్టరు కన్నా ఈ మాటే బాగా అందింది.

మాది యానాం పక్క ఊరు. అటు వేయించుకున్నా పరవాలేదా?

పరవాలేదు. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది కాబట్టి రికార్డులు వేరు, జాతీయ టీకాల పట్టిక మాత్రం ఒకటే. కార్డు వెంట తీసుకువెళ్లి రాయించుకోండి, వచ్చాక మీ ఏఎన్‌ఎంకు చూపించండి. వంతెన అవతల వేయించుకున్న బిడ్డను ఇక్కడ ‘రాలేదు’ అని రాస్తూ పోతే ఏఎన్‌ఎం వృథాగా మీ ఇంటి చుట్టూ తిరుగుతుంది.

చెరువుల మీద, బట్టీల్లో ఉండే వలస కుటుంబాల పిల్లల బాధ్యత ఎవరిది?

నియమం ప్రకారం ఆ బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కార్యక్రమానిదే. ఆధార్ ఎక్కడిదని అడిగి తిప్పి పంపకూడదు.

ఆచరణలో ఈ పిల్లలే జారిపోతారు. భీమవరం చుట్టూ చెరువు గట్ల మీద కాపలా గుడిసెలు ఊరికి రెండు, మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. వాటికి ఇంటి నంబరు ఉండదు. ఇటుక బట్టీల్లో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లు సీజను అయ్యాక వెళ్లిపోతారు. బాతుల మందలతో కోత అయిన చేల వెంట తిరిగేవాళ్లు వారం కూడా ఒకచోట ఉండరు. పెంటావాలెంట్ మొదటి డోసు కూడా పడని పిల్లలను కార్యక్రమం భాషలో ‘జీరో డోస్’ అంటారు. మన దగ్గర వాళ్లను వెతకాలంటే ఊరి మధ్యలో కాదు, ఆ గట్ల మీద వెతకాలి.

యజమానులను లోపలికి తేవాల్సింది ఇక్కడే. చెరువు మీద ఎన్ని కుటుంబాలు ఉన్నాయో మేత తెచ్చే ఆటో అతనికి తెలుసు. బట్టీలో ఎవరికి అడ్వాన్సు ఇచ్చారో మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. ఆ రెండు జాబితాలు నెలకోసారి ఆశాకు చేరితే సగం పని అయినట్టే. టీకా రోజున ఆ తల్లికి సగం పూట కూలి కోయకుండా ఉంటే మిగతా సగం. ఈ మాట ఒక బట్టీ యజమానితో అన్నప్పుడు ముందు నవ్వాడు. తర్వాత పిల్లలకు తట్టు వచ్చి పది రోజులు పని ఆగితే ఎంత నష్టమో తనే లెక్క వేసుకున్నాడు.

తల్లి కువైట్‌లో ఉంది. అమ్మమ్మ తీసుకువెళ్తే వేస్తారా?

వేస్తారు. బిడ్డను పెంచుతున్న పెద్దవాళ్లు స్వయంగా తీసుకురావడాన్నే సమ్మతిగా తీసుకుంటారు. కోనసీమలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి కాబట్టి ఏఎన్‌ఎంలకు ఇది కొత్త కాదు. సందేశాలు మాత్రం తల్లి ఫోనుకే వెళ్తుంటాయి. ఆమె అక్కడ చదువుకుని ఇక్కడికి ఫోను చేసేలోపు బుధవారం దాటిపోతుంది. అమ్మమ్మ దగ్గర ఉన్న నంబరును నమోదు చేయించండి.

బడిలో టీకాలు వేసేటప్పుడు మమ్మల్ని అడగాలా?

అడగాలి, ముందుగా చెప్పాలి. బడిలో 10, 16 ఏళ్లకు టీడీ వేస్తారు, అప్పుడప్పుడు ప్రత్యేక కార్యక్రమాలు కూడా ఉంటాయి. ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులకు బదులు సంతకం పెట్టేసే అలవాటు ఎంత చేటో గోదావరికి ఎగువన చూశాం.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖ ద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా మీద ఒక అధ్యయనం జరిగింది. ఆ అధ్యయనం అప్పటి మామూలు టీకాల కార్యక్రమంలో భాగం కాదు. భద్రాచలం వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలు అందులో చాలామంది. తర్వాత కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. తేలింది ఇంకొకటి: ఎన్నో అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులవి కాక వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మందులో తప్పు లేకపోయినా, అడగకపోవడం వల్ల ఆ టీకా పేరు చెబితే చాలా ఏళ్ల పాటు జనం ఉలిక్కిపడ్డారు. నాలుగు రోజులు కష్టపడి తల్లిదండ్రుల సమావేశం పెట్టి ఉంటే పోయేదేమీ లేదు. అందుకే సంతకాల కాగితం ఇంటికి వచ్చినప్పుడు చదవకుండా పెట్టకండి. ఏ టీకా, ఎందుకు, ఎవరు వేస్తారు, ఏదైనా అయితే ఎవరికి ఫోను చేయాలి, ఈ నాలుగూ అందులో లేకపోతే తిప్పి పంపండి.

వేయించుకోకపోతే పథకాలు ఆపేస్తారా?

టీకాల కార్యక్రమం ఇష్టపూర్వకమైనదే. కోవిడ్ టీకాల కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని కూడా చెప్పింది. వాట్సాప్‌లో మొదటి సగమే తిరుగుతుంది.

రేషన్ ఆపేస్తామని ఎవరైనా కిందిస్థాయి ఉద్యోగి బెదిరిస్తే, రాతపూర్వక ఉత్తర్వు చూపించమనండి. అలా బెదిరించి వేసిన ఒక్క సూది పది ఇళ్ల తలుపులు మూయిస్తుందని ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనే మా వాళ్లతో పోట్లాడేవాణ్ని.

టీకా తర్వాత బిడ్డకు ఏమైనా అయితే?

మామూలు జ్వరం, తొడ మీద వాపు, ఏడుపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఏఎన్‌ఎం చెప్పిన మోతాదులోనే పారాసెటమాల్ వేయండి. సూది వేసినచోట పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకండి. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి మచ్చ పడటం సహజం. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది మర్యాద కోసం కాదు, అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది కాబట్టి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, ఒకే రోజు ఒకేచోట ఎక్కువమంది పిల్లలకు ఇబ్బంది కలిగినా వెంటనే ఏఎన్‌ఎంకు, వైద్యాధికారికి చెప్పండి. తీవ్రమైన సంఘటనను 24 గంటల్లో జిల్లాకు తెలియజేయాలి. అక్కడ విచారణకు కమిటీ ఉంటుంది. సీసా బ్యాచ్ నంబరు, వేసిన సమయం, ఆ రోజు అదే సీసా నుంచి ఎవరెవరికి వేశారన్నది అడిగి రాసుకోండి.

ఇలాంటి సమయంలో ఊరి పెద్దల పాత్ర చాలా పెద్దది. ‘ఏమీ కాలేదు’ అని దబాయించడం, ‘సూది వల్లే’ అని అరవడం, రెండూ తప్పే. ఆ కుటుంబంతో ఆసుపత్రికి వెళ్లడం మొదటి పని. విచారణలో తేలినదాన్ని మళ్లీ ఊళ్లోకి వచ్చి చెప్పమని అధికారిని పట్టుబట్టడం రెండోది. రెండోది జరగడం చాలా అరుదు. ఫలితం చెప్పని విచారణ పుకారుకు ఎరువు.

పుకార్లు వస్తే ఎవరు మాట్లాడాలి?

ముందుగా ఎవరు నమ్మారో వాళ్లు చెప్పేది వినాలి. మా తరానికి తట్టు అంటే వ్యాధి కాదు, అమ్మవారు. ఇంటికి వేపాకు కట్టి, పోపు పెట్టకుండా, మడిగా ఉండేవారు. ఆ ఇంట్లో నిలబడి ‘ఇదంతా మూఢనమ్మకం’ అన్న డాక్టరును నేను చూశాను, ఆ తర్వాత ఆయన జీపు ఆ వీధిలోకి వెళ్లలేదు. వేపాకు కట్టుకోండి, టీకా కూడా వేయించండి అన్న ముసలి మంత్రసాని మాట వీధంతా విన్నది.

ఆర్‌ఎంపీల గురించి ఆరోగ్య శాఖ ఇబ్బందిగా కదులుతుంది, గుర్తింపు లేని వైద్యం కాబట్టి. నిజమే. కానీ రాత్రి పదింటికి బిడ్డకు జ్వరం వస్తే లంకలో తలుపు తట్టేది వాళ్లదే. ‘సూది వేశారు కదా, అందుకే’ అని వాళ్లు అనే ఒక్క మాటతో తర్వాతి డోసు పోతుంది. టీకా జ్వరం గురించి వాళ్లకు ఒక పూట చెప్పడం వైద్యం నేర్పడం కాదు.

మేము ప్రైవేటులో వేయిస్తున్నాం. మాకు దీంతో సంబంధం ఉందా?

ఉంది. మీ బిడ్డ డోసులు లెక్కలోకి ఎక్కకపోతే ఊరి అంకె తప్పుతుంది. కార్డు ఫొటో తీసి ఏఎన్‌ఎంకు చూపిస్తే చాలు. కొన్ని టీకాల పేర్లు, కలయికలు ప్రైవేటులో వేరుగా ఉంటాయి, మధ్యలో అటు నుంచి ఇటు మారితే రెండు కార్డులూ పట్టుకువెళ్లండి.

మా ఊళ్లో నూటికి నూరు శాతం అని బోర్డు ఉంది. నమ్మవచ్చా?

అంకెను కాదు, కింద భాగాన్ని చూడండి. ఎంతమందిలో ఎంతమంది? జాబితాలో ఉన్న నలభై మందికి నలభై మందీ వేయించుకుంటే నూరు శాతమే. చెరువు గట్టు మీది ఆరుగురు జాబితాలోనే లేకపోతే? తట్టు అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు. రక్షణ లేనివాళ్ల మధ్య ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. దాన్ని నిలువరించాలంటే రెండు డోసులూ 95 శాతం మందికి పడాలంటారు. జిల్లా మొత్తానికి 95 ఉన్నా, లేని ఐదు శాతం ఒకే వాడలో ఉంటే అక్కడ మంట అంటుకుంటుంది.

అంకె తక్కువగా ఉందని ఏఎన్‌ఎంను నలుగురిలో నిలదీసే సమావేశాలు నేను చాలా చూశాను. ఆ తర్వాతి నెల అంకె పెరుగుతుంది. పిల్లలు పెరగరు.

ఆశా, ఏఎన్‌ఎంలను కూడా భాగస్వాములంటారా, వాళ్లు ఉద్యోగులు కదా?

అందరికన్నా ముందు వాళ్లే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఊరికి దగ్గరగా ఏఎన్‌ఎం ఉంటున్నారు, దానితో పాటు యాప్‌లూ పెరిగాయి. టీకా వేయడానికి పట్టే సమయం కన్నా ఫోనులో ఎక్కించే సమయం ఎక్కువని వాళ్లు అంటే నమ్మండి. టీకా గదిలో కుర్చీ, ఫ్యాను, చేతులు కడుక్కునే నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయేమో చూడటం పంచాయతీ పని.

గ్రామ ఆరోగ్య కమిటీ అంటే ఏమిటి? దానికి డబ్బు ఉంటుందా?

ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ప్రతి ఊరికీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏటా 10,000 రూపాయల దాకా నిధి ఇచ్చే నియమం ఉంది. దాన్ని బ్లీచింగు పొడి కొని ముగించేస్తుంటారు. పడవ కిరాయికి, రేవు పందిరికి వాడవచ్చేమో వైద్యాధికారిని అడగండి.

జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ సమావేశం జరుగుతుంది. విద్య, స్త్రీ శిశు సంక్షేమం, పంచాయతీరాజ్ శాఖలు అందులో కూర్చుంటాయి. మీ ఊరి సమస్య అక్కడికి చేరాలంటే వైద్యాధికారి నివేదికలో రాసి ఉండాలి, నోటిమాట మండలం దాటదు.

మా ఊరి కమిటీ కాగితం మీదే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

వచ్చే బుధవారం టీకాలు వేసేచోటికి వెళ్లండి. ఆ రోజు రావాల్సిన పిల్లల జాబితా ఆశా దగ్గర ఉంటుంది. పేర్లు బయట చదివించకండి, సంఖ్య మాత్రం అడగండి. ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు. మధ్యాహ్నం అయ్యాక మిగిలినవాళ్లలో ఒక్క ఇంటికి, ఆ ఇంటికి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని ఆశాతో కలిసి వెళ్లండి. ఎందుకు రాలేదో వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మేము అలా వెళ్లిన మొదటి ఇంట్లో తల్లి చెప్పిన కారణం ఇది: అంగన్‌వాడీకి వెళ్లే దారిలో ఒక కరిచే కుక్క ఉంది.